పెద్దమ్మ వదిలించిన జాగా

రేకు పెట్టె మూత తీయగానే వరసగా తుమ్ములు. ఫొటోలకు పురుగు పట్టకుండా మా పెద్దమ్మ అందులో ఎండు వేపాకు, నాలుగు ఎండు మిరపకాయలు వేసేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేనూ అలాగే వేస్తున్నాను, తీసిన ప్రతిసారీ తుమ్ముతున్నాను. గుంటూరులో మా ఇంటికి వచ్చినవాళ్లు ఈ పెట్టె చూసి నాకు పాత ఫొటోల పిచ్చి అంటారు. అవును, పిచ్చే. పాత సామాన్ల కొట్లో ముక్కూ మొహం తెలియనివాళ్ల ఫొటో కనబడినా కొనుక్కొస్తాను. అందరూ అందులో మొహాలు చూస్తారు. నేను మనిషికీ మనిషికీ మధ్య ఎంత జాగా ఉందో చూస్తాను. అలా చూడటం నాకు పెద్దమ్మ వల్ల అబ్బింది.

పెద్దమ్మ అంటే మా నాన్నకు వదిన. పెదనాన్న నేను పుట్టకముందే పోయాడు, వాళ్లకు పిల్లలు లేరు. ఆమె కాపురానికి వచ్చేసరికి నాన్న పలక పట్టుకు తిరిగే తల్లి లేని పిల్లాడట. అన్నం పెట్టి, చెవి మెలేసి, పెంచి పెళ్లి చేసింది ఆమే. కాబట్టి మా ఇంట్లో ఆమె మాటకు ఎదురు ఉండేది కాదు, ఒక్క విషయంలో తప్ప. వేసవి సెలవుల్లో పెద్దమ్మ, అమ్మ, తమ్ముడు, నేను బస్సెక్కి ఒంగోలులో పిన్ని ఇంట్లో దిగేవాళ్లం. అక్కణ్ణుంచి పులిహోర మూట కట్టుకుని కొత్తపట్నం సముద్రానికి వెళ్లేవాళ్లం. నాన్న మాత్రం రాడు. మిరపకాయ కల్లంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఊరు కదలడు. మబ్బు పడితే పట్టా కప్పాలి, ఎండ వస్తే తీయాలి, దొంగలకు కాపలా ఉండాలి.

“కాయ అమ్మి వచ్చేస్తాలే వదినా,” అనేవాడు.

“నీ కాయకి కాళ్లొచ్చి ఎక్కడికీ పోదురా. పిల్లల సెలవులే పోయేది,” అనేది పెద్దమ్మ.

పాపం ఆమెకు ఒకటే కోరిక. ఒక్క ఏడాదైనా మరిది మాతో పాటు సముద్రం చూసి, మా అందరితో కలిసి ఫొటో దిగాలి. అది జరిగేదాకా ఊరికే కూర్చునే మనిషి కాదు. తిరుగు ప్రయాణంలో ఒంగోలు స్టూడియోలో ఫొటో దిగడం మాకు అలవాటు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, అమ్మ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంచేది. “జరక్కండర్రా, అది మీ నాన్న జాగా,” అని గదమాయించేది. స్టూడియో ఆయన పెళ్లి ఫొటోలోని నాన్నను కత్తిరించి ఆ జాగాలో అతికించి, దాన్ని మళ్లీ ఫొటో తీసి ఇచ్చేవాడు. నుదుటి మీది బాసికాన్ని కుంచెతో చెరిపేసేవాడు. ఒక ఏడు చెరపడం మరిచిపోయాడు. ఇద్దరు పిల్లల పక్కన నాన్న బాసికం కట్టుకుని పెళ్లికొడుకులా నిలబడ్డాడు. ఆ ఫొటో చూసి అమ్మ నవ్వలేక చచ్చింది. “పోనీలే, ఈ ఏడు మళ్లీ పెళ్లయింది నీకు,” అంది పెద్దమ్మ.

ఆ ఫొటోలన్నీ వరసగా పేరిస్తే తమాషాగా ఉంటుంది. మేము పొడుగవుతుంటాం, అమ్మ ఒళ్లు చేస్తుంది, పెద్దమ్మ జుట్టు తెల్లబడుతుంది. నాన్న ఒక్కడే అదే నూనూగు మీసాలతో అలాగే ఉంటాడు.

ఒకసారి స్టూడియో ఆయన మంచి మనసుతోనే అడిగాడు. “పెద్దయ్యగారి ఫొటో ఉంటే తెండమ్మా. మీ పక్కన కూడా కలిపేస్తా. తెలియనే తెలియదు.”

పెద్దమ్మ, “వద్దు నాయనా. జాగా వదిలేది రావాల్సినవాళ్లకి. ఆయన ఇంక రాడుగా,” అంది. బస్సులో దారి పొడుగునా కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది. నాకు ఆ రోజు ఆమె మీద చాలా జాలేసింది. పక్కన కూర్చుని కూడా ఆమె చెయ్యి పట్టుకోవాలని తోచలేదు.

నేను పదో తరగతి రాసిన వేసవిలో అకాల వాన కురిసింది. కల్లంలో కాయ పట్టా కింద కూడా తడిసి, రంగు పోయి తాలుగా మారింది. ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. కాపలా కాయడానికి ఏమీ మిగలలేదు. పెద్దమ్మ సంచి సర్ది, నాన్న చొక్కా తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది.

“లేరా. కాయ పోతే పోయింది, మనిషివి ఉన్నావుగా. పద.”

నాన్న చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. కొత్తపట్నంలో పంచె పైకి కట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో చాలాసేపు నిలబడ్డాడు. స్టూడియోలో ఆయన సరాసరి వెళ్లి అమ్మ పక్కన ఖాళీలో నిలబడితే, స్టూడియో ఆయన కెమెరా వెనకనుంచి తల పైకెత్తాడు.

“అయ్యా, తమరు కొంచెం పక్కకు రండి. అది ఈ అమ్మగారి భర్త జాగా. ఆయన్ని మేం తర్వాత కలుపుతాం.”

“ఓరి నీ దుంపతెగ! ఆయనే ఈయన. ఏటేటా నువ్వు అతికించే మనిషి!” అంది పెద్దమ్మ. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ ఫొటోలో నాన్నకు బట్టతల, పీక్కుపోయిన బుగ్గలు. పంట మొత్తం పోయిన ఏడాది అది. మా ఇంట్లో అంతకన్నా సంతోషంగా ఉన్న ఫొటో ఇంకోటి లేదు.

తర్వాత కొన్నేళ్లకు పెద్దమ్మ పోయింది. ఆ మరుసటి వేసవిలో నాన్నే మమ్మల్ని బయల్దేరదీశాడు. కల్లం పక్కింటివాళ్లకు అప్పజెప్పాడు. స్టూడియోలో నిలబడ్డాక చూస్తే, ఎవరం అనుకోకుండానే నాన్న పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలేశాం.

“పెద్దమ్మగారి ఫొటోలు నా దగ్గర ఉన్నాయండీ. కలపమంటారా?” అని మెల్లగా అడిగాడు స్టూడియో ఆయన.

“వద్దండీ,” అన్నాడు నాన్న. “వదిన ఒప్పుకోదు.” మా వైపు తిరిగి, “దగ్గరికి జరగండమ్మా,” అన్నాడు. ముందు ఆయనే జరిగాడు. జరిగి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. స్టూడియో ఆయన కెమెరా వదిలి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆ ఫొటోలో మా భుజాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. సందు లేదు.

మొన్న వేసవిలో నాన్నను తీసుకుని అందరం మళ్లీ కొత్తపట్నం వెళ్లాం. మా అబ్బాయి పరీక్షలుండి రాలేదు. తమ్ముడి కూతురు ఫోను పట్టుకుని “అందరూ దగ్గరికి రండి” అని అరుస్తోంది.

“వాడికి జాగా వదలండి,” అన్నాను.

“అబ్బా, ఎందుకత్తా? లేడుగా!” అంది ఆ పిల్ల.

నేను జవాబు చెప్పబోయి నాన్న వైపు చూశాను. ఆయన అప్పటికే కర్ర ఊతగా, మనవడు పట్టేంత పక్కకు జరిగి నిలబడ్డాడు.