కొండెక్కిన వెలుగు

చార్మినార్ కాడ బస్సెక్కిన. ఒళ్లె గాజుల డబ్బ, అండ్ల దూదిల చుట్టిన సిలికాన్ బిళ్ల. ఆ జనంల అది యాడ పగుల్తదో అని భయం. అంతకంటె పెద్ద ఫికర్ ఇంకోటుంది. ఆ బిళ్ల మీద వెలుగు వేస్తే అవతలికి వస్తలేదు. ఇయ్యాల గూడ రాకుంటే నా పరిశోధన పని బంద్ అన్నడు మా ల్యాబ్ సారు.

పక్క సీట్ల ఒక ముసలమ్మ టిఫిన్ డబ్బ పట్టుకొని కూసుంది.

"గాజులా బిడ్డా? మస్తు భద్రంగ పట్టుకున్నవ్."

"గాజులు కాదమ్మా. దీంట్లకు వెలుగు పోతది గని బయటికొస్తలేదు. లోపల్నే ఆరిపోతున్నది."

ఆమె మొఖం మాడిపోయింది. "గట్ల అనకు బిడ్డా. మా పెద్దమనిషి దవఖానల ఉన్నడు. వెలుగు ఆరిపోయింది అంటరా? కొండెక్కింది అనాలె."

"కొండెక్కింది" అన్న మెల్లగ. ఆమె తల ఊపింది. దవఖాన కాడ బస్సాగితే, టిఫిన్ డబ్బను రెండు చేతులతోని పట్టుకొని దిగిపోయింది.

బస్సు కదిలినంక నాకు తట్టింది. వెలుగు కణం లోపల మాయమైతే దాని శక్తితోని ఒక ఎలక్ట్రాన్ పై మెట్టు ఎక్కుతది. గిది నేను చదివిందే. అయినా అవతలికొచ్చే వెలుగు కోసమే చూసిన గని, పైకెక్కినదాన్ని ఎన్నడు వెతకలే. ఆ రోజు ల్యాబ్ల అవతలి వెలుగును చూసుడు ఇడిసిపెట్టి, పైకెక్కిన ఎలక్ట్రాన్లతోని బిళ్లల పుట్టిన కరెంటు కొలిచిన. నా పని బంద్ కాలే.

ఇప్పటికీ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు, వెలుగు కణం మాయమయ్యే కాడికి రాంగనే "కొండెక్కింది" అంట. పిల్లలు నవ్వుతరు. ఆ పెద్దమనిషి ఏమయిండో నాకు తెల్వదు.