హెల్మెట్ లేని వీరవనిత

ముప్పై రెండేళ్ళు బొగ్గు గనిలో నా షిఫ్టులో ఎవరి ఒంటిమీదా గీటు పడకుండా చూసుకున్న నేను, రిటైరయ్యాక ఇంటి వరండాలో, కుర్చీలోంచి కదలకుండా పెద్ద ప్రమాదం చేశాను. గాయపడింది ఒక పుస్తకం. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వేయండి. ముందుకు పోయినకొద్దీ నాకు తల ఎత్తడం కష్టమవుతుంది.

అప్పటికింకా తెలంగాణ రాలేదు. మా ఇల్లు గోదావరిఖనిలో. మనవరాలు శ్రావణి కొత్త బడిలో చేరి నెల కూడా కాలేదు. అక్కడ దానికి దొరికిన ఒకే ఒక్క స్నేహితురాలు మెర్సీ. ఆ పిల్ల తన లావుపాటి ఇంగ్లీషు బొమ్మల పుస్తకం రెండు రోజులకని ఇచ్చింది.

“తాతా, దీన్ని ముట్టకు. మూల గూడ మడువనని మెర్సీకి మాటిచ్చిన,” అని చెప్పి శ్రావణి ట్యూషనుకు పోయింది.

ముట్టకుండా ఉండగలిగితే నేను మీకిది రాయవలసిన పని లేదు.

అంతవరకు నేను శ్రద్ధగా చదివినవి రెండే: గని భద్రతా నియమాలు, నా డైరీలు. బొమ్మల కథ చదవడం అదే మొదలు. ఏ గడి తర్వాత ఏ గడి చూడాలో తెలియక నా కళ్ళు మంద తప్పిన మేకల్లా తిరిగాయి. తలల మీది మబ్బులు చూసి దుమ్ము లేచిందనుకున్నాను. అవి మనసులో మాటలని కాసేపటికి గాని తెలియలేదు.

కథలో పదహారేళ్ళ పిల్ల. రాతిలోంచి నడిచిపోగలదు. పగలు బడికి పోతుంది, సాయంత్రం ముసుగు కట్టుకుని ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడుతుంది. మూడో పేజీలో సొరంగంలోకి దిగింది. నెత్తిన హెల్మెట్ లేదు. చేతిలో దీపం లేదు. పైకప్పు కింద ఒక్క దుంగ నిలబెట్టలేదు.

ఇక్కడ మా గని పద్ధతి ఒకటి చెప్పాలి. నేను ఓవర్‌మన్‌ని, అంటే షిఫ్టు బాధ్యత మోసేవాడిని. పని ముగించిన షిఫ్టువాడు లోపాలన్నీ రిపోర్టు పుస్తకంలో రాస్తాడు. తర్వాతి షిఫ్టువాడు అది చదివి సంతకం పెట్టాలి, లోపం సరిచేయించి కింద ఆ మాట రాయాలి. చదివి సంతకం పెట్టకపోవడం మాలో పెద్ద తప్పు. అట్లా అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? జేబులోని ఎర్ర పెన్ను దానంతటదే బయటికి వచ్చింది.

‘హెల్మెట్ లేదు.’ సంతకం. ‘ఒంటరిగా లోపలికి పోరాదు.’ సంతకం. ‘గాలి పరీక్ష చేయలేదు.’ సంతకం. ఆ పిల్ల వీపున రెపరెపలాడే గుడ్డను చూసి ‘వదులు బట్టలు యంత్రంలో పడును’ అని రాశాను. పేజీ పేజీకీ తేదీ, టైము.

సగం దాటాక మాత్రం లోపాలు వెతకడం మరిచిపోయాను. పక్కన చాయ్ చల్లారింది. సొరంగంలో బందీగా ఉన్న తండ్రిని ఆ పిల్ల గోడలోంచి చెయ్యి చాపి బయటికి లాగినచోట కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. ‘పని బాగున్నది’ అని ఎర్రగానే రాసి, అన్నిటికన్నా పెద్ద సంతకం చేశాను.

శ్రావణి వచ్చి పుస్తకం తెరిచింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“ఏందిది తాతా?”

“లోపాలు బిడ్డా. ఆ పొల్లకు ట్రైనింగు లేదు.”

“పుస్తకం ఎవలది?”

“మెర్సీది.”

“సంతకం ఎవలది?”

ఎర్ర పెన్నును జేబులోకి తోశాను.

“ఇగ అది నాతోని మాట్లాడది. బళ్ళె నాకు ఉన్నదే అదొక్కతి,” అంది శ్రావణి.

క్షమాపణ చెప్పడానికి ఇద్దరం మెర్సీ ఇంటికి పోయాం. వాళ్ళ నాన్న ప్రకాశం ఒకప్పుడు నా షిఫ్టులోనే పనిచేశాడు. పుస్తకంలో నా సంతకం చూడగానే, తింటున్న పళ్ళెం వదిలి లేచి నిలబడ్డాడు.

“సార్, ఏం పని మిగిలింది?”

“నువ్వు కూసో ప్రకాశం. తప్పు నాది.”

కూర్చోబోయినవాడు మళ్ళీ లేచాడు. ఆ మాట నా నోట అతను ఎన్నడూ వినలేదు.

మెర్సీ పుస్తకం లాక్కుని లోపలికి పోయింది. వచ్చేటప్పుడు దారంతా శ్రావణి నాకు నాలుగు అడుగులు ముందే నడిచింది. రెండు రోజులు బడిలో ఒక్కతే కూర్చుంది, ఇంట్లో నాతో మాట్లాడలేదు. నా డైరీలో ఆ రెండు రోజులూ ‘విశేషం లేదు’ అని ఉంది. అది అబద్ధం. సిగ్గును ఎట్లా రాయాలో తెలియలేదు.

మూడో రోజు శ్రావణి వేళ్ళనిండా నీలం సిరాతో, ఆలస్యంగా ఇంటికి వచ్చింది. వెనకాలే మెర్సీ. నా ఎర్ర రాతలన్నీ చదివాక తనే శ్రావణిని పిలిచిందట.

“తాతా, చూసియ్యి,” అంటూ మెర్సీ పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.

గనివాళ్ళ బిడ్డ కదా, పద్ధతి తెలుసు. నా ప్రతి ఎర్ర మాట కిందా నీలం మాట ఉంది: ‘సరిచేసినం.’ వీరవనిత నెత్తిన హెల్మెట్ గీశారు. చేతికి దీపం ఇచ్చారు. వెనక వేలాడే గుడ్డను కొట్టేసి ‘కత్తిరించినం’ అన్నారు. ‘ఒంటరిగా పోరాదు’ అన్నచోట ఆమె పక్కన రెండు జడల పిల్లను గీసి ‘జోడు దొరికింది’ అని రాశారు. శ్రావణివి రెండు జడలు.

చివరి పేజీలో మాత్రం కొత్త రిపోర్టు ఉంది: ‘లోపం: పుస్తకం అనధికార వ్యక్తి చేతిలో పడినది. అతని వద్ద ఎర్ర పెన్ను కలదు. తగు చర్య తీసుకోగలరు.’

తల వంచుకుని రెండుసార్లు చదివాను. ఉన్నట్టుండి ఇద్దరూ పడీపడీ నవ్వసాగారు. ఎందుకా అని చూస్తే, ఆ మాటల కింద ఎర్రగా ‘చదివితిని’, నా సంతకం, తేదీ, టైము.

“పెన్ను ఇటియ్యి తాతా,” అంది మెర్సీ.

ఇచ్చేశాను. పాఠకుల సమక్షంలో ఇప్పుడు ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఇతరుల పుస్తకం చదివినంతసేపు నా రెండు చేతులూ వీపు వెనకే ఉంటాయి. పేజీలు శ్రావణి తిప్పుతుంది.