ముసలాయన వాటా

మూల మేస్త్రీ అని పిలిస్తే ఆయన ఇప్పటికీ పలుకుతాడు. ముప్పై ఏడేళ్లు ఇళ్లల్లో టైల్స్ పరిచిన మనిషి. ఆయన పరిచిన నేల మీద గోళీ పెడితే పెట్టిన చోటే కూర్చుంటుంది. అంతటి పనివాడికి ఆ పేరేమిటంటారా? పనిలో చేరిన కొత్తలో వెలగబెట్టిన ఘనకార్యానికి వచ్చిన బిరుదు అది.

టైల్స్ వేసేవాడు లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ తలుపు దగ్గర తేలాలి. పచ్చి సిమెంటు మీద పరిచినదాన్ని తొక్కకూడదు కదా. మనవాడికి అప్పుడు ఇరవై ఒక్కేళ్లు, పెద్ద మేస్త్రీ చేత శభాష్ అనిపించుకోవాలన్న ఆత్రం. గది అప్పగించగానే తలుపు దగ్గరే మొదలుపెట్టేశాడు. మధ్యాహ్నానికి ముచ్చటగా గదంతా పరిచి తలెత్తి చూస్తే, తాను మూలలో గోడకి అతుక్కుని ఉన్నాడు. తలుపేమో ఆ చివర. కిటికీకి ఊచలు.

తోటివాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. చెక్కలు పరిచి దాటిద్దామంటే పెద్ద మేస్త్రీ ఒప్పుకోలేదు.

"సిమెంటు కాస్త బిగిసేదాకా అక్కడే కూర్చోనివ్వండిరా. జన్మలో మర్చిపోడు."

అందరూ అన్నాలకి వెళ్లారు. పెద్ద మేస్త్రీ మాత్రం గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. ఆయనకి అరవై అయిదు దాటాయి. మోకాళ్లు వంగవు, ఆ పీట మీదే జరుగుతూ పని చేసేవాడు.

"నీకేంరా, సాయంత్రానికి బయటపడతావు," అన్నాడు ఉన్నట్టుండి. "నేను ఈ పనిలోనే ఇరుక్కుపోయాను. మానేస్తే నాకు తిండెవడు పెడతాడు? నీ వయసులో చేతినిండా పని ఉండేది. ఈ సత్తువ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. బయటికి దారెటో ఒక్కనాడూ చూసుకోలేదురా."

ఆ సాయంత్రం ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని పెద్దాయన్ని లేపారు. కుర్రాడు అది చూసి తట్టుకోలేకపోయాడు. తనకి పని చేతకాని రోజు వచ్చినప్పుడు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బయటికి నడవాలని గట్టిగా అనుకున్నాడు.

మరుసటి నెల నుంచే ప్రతి నెలా మొదటి రోజు కూలి తీసుకెళ్లి బ్యాంకులో పింఛను ఖాతాలో వేయడం మొదలుపెట్టాడు. ఎవరైనా ఆ డబ్బు అడిగితే, "అది ముసలాయన వాటా, ముట్టుకోకూడదు," అనేవాడు.

పెళ్లయిన కొత్తలో ఆ మాట విని భార్య కంగారుపడింది. మామగారు ఆమె కాపురానికి రాకముందే పోయారాయె.

"ఎవరండీ ఈ ముసలాయన? నెల నెలా డబ్బు పంపేంత చుట్టమా?" అని నిలదీసింది.

"నేనే. అరవై ఏళ్లు వచ్చాక నేను. పాపం, అప్పుడు పని చేయలేడు. నేను తప్ప ఆయనకెవరున్నారు?"

ఆమె పకపకా నవ్వి, అంతలోనే మూతి ముడిచింది. "బాగుంది వరస. మరి ఆయన పెళ్లాం గాలి భోంచేస్తుందా?"

ఆ నెల నుంచి రెండో రోజు కూలి ముసలావిడకి వెళ్లింది.

తోటివాళ్లు మోటారు బళ్లు కొన్నారు, పాతవి మార్చి కొత్తవి కొన్నారు. మనవాడు సైకిలు వదల్లేదు. "పాతికేళ్లకే ముసలాడివైపోయావేంట్రా మూలా!" అని వాళ్లు ఆటపట్టిస్తే ఒళ్లు మండేది, అయినా సైకిలెక్కి తన దారిన పోయేవాడు. పనిలేని నెలల్లో ఖాతాలో ఏమీ పడక ముసలాయన పస్తున్నాడు. పని దొరకగానే ఆ పూటలవి కూడా కలిపి తిన్నాడు.

యాభై ఎనిమిదో ఏట మోకాళ్లు మొరాయించాయి. ఇంకా మోకాళ్ల మీద కూర్చుంటే నడకే పోతుందన్నాడు డాక్టరు. మూల మేస్త్రీకి పెద్ద మేస్త్రీ పీట కళ్లముందు కదిలింది. తిన్నగా బ్యాంకుకి వెళ్లాడు.

అక్కడి అమ్మాయి లెక్క చూసి తలెత్తింది. "మీ ఇద్దరి ఖర్చుకీ నెల నెలా సరిపోతుందండీ. మొదట్లో మీరు వేసింది చాలా తక్కువ, కానీ బాగా పెరిగింది అదే. మీ నలభయ్యో ఏట మొదలుపెట్టి నెలకి రెట్టింపు వేసినా ఇంత అయ్యేది కాదు."

ఆ వారమే కాంట్రాక్టరు వచ్చాడు. ఐదంతస్తుల పని ఉందట. "రెట్టింపు కూలి ఇస్తాను మేస్త్రీ, కాదనకు."

"మా ముసలాయన ఒప్పుకోవడం లేదండీ," అన్నాడు మూల మేస్త్రీ. ఆ మాట అనడానికి ఆయన ముప్పై ఏడేళ్లు ఆగాడు.

సగంలో ఉన్న గది ఒక్కటి మిగిలింది. దాన్ని పీట మీద కూర్చునే నిదానంగా ముగించాడు. చివరి టైలు గుమ్మం దగ్గర పడింది. కొత్తగా ల్యాబులో ఉద్యోగానికి చేరిన కూతురు నాన్నని తీసుకెళ్లడానికి వచ్చి బయట నిలబడింది. లేపడానికి ఇద్దరు పనివాళ్లు చేతులు చాపారు.

"ఆగండ్రా," అన్నాడు.

ద్వారబంధం పట్టుకుని, పళ్లు బిగించి, మెల్లగా లేచాడు. కూతురు కళ్లు తుడుచుకుంది.

"నాన్నా, మొదటి జీతం వచ్చింది."

"ఏం కొనుక్కున్నావమ్మా?"

"ఇంకా ఏం కొనలేదు. ముందు ముసలావిడ వాటా పంపేశాను."

"మీ అమ్మకెందుకే? అమ్మది ఎప్పటినుంచో నేను వేస్తున్నానుగా!"

"అమ్మకి కాదు నాన్నా, నాకు."

మూల మేస్త్రీ టైల్స్ తట్టే తన రబ్బరు సుత్తి కూతురి చేతిలో పెట్టి, గుమ్మం దాటి, తన కాళ్ల మీద తాను బయటికి నడిచాడు.