మక్కచేనులో సినిమాలు

తర్లగూడ రైతు రాఘవులు సినిమా డిస్కుని పట్టుకునే తీరే వేరు. చూపుడువేలు నడిమి చిల్లులో, బొటనవేలు అంచు మీద ఉంటాయి. మెరిసే వైపు చెయ్యి తగలనివ్వడు. తుడిస్తే నడుమ నుంచి అంచుకే తుడుస్తాడు, గుండ్రంగా తిప్పడు. ఇరాన్, జపాన్, పోలండ్ సినిమాలు జగదల్‌పూర్‌లో మూతపడ్డ అద్దె దుకాణంలో, హైదరాబాద్ పాత సామాన్ల సంతలో ఏళ్ల తరబడి పోగేశాడు. తెర కింద వచ్చే అక్షరాలు కూడబలుక్కుంటూనే ఇంగ్లీషు నేర్చాడు. చూద్దాం రమ్మంటే ఊళ్లో ఎవరూ రారు. వాటిలో పాటలుండవు, ఫైటింగులుండవు. ప్లేయర్ పాడైతే పాత ప్లేయర్ల లెన్సు తీసి తనే వేసుకునేవాడు. ఇప్పుడు ఆ లెన్సులూ దొరకక ప్లేయర్ మూలపడింది. అయినా వానాకాలం బూజు పట్టకుండా డిస్కులన్నీ తీసి తుడుస్తూనే ఉంటాడు.

ఈ ఏడు మక్కచేను మీద చిలకలు పడ్డాయి. "ఆడని సిన్మాలు పెట్టెల ఎందుకయ్యా? చేన్ల దారాలకు కట్టు, మెరుపుకు బెదురుతయి. కంకులు పోతే తినేదేంది?" అంది భార్య సోమక్క. గీతలు పడ్డవి ఏరి ఇద్దామని కూర్చున్నాడు. ఒక్కటీ దొరకలేదు. చివరికి అన్నీ తనే మోసుకెళ్లి, చిల్లుల్లో దారం దూర్చి కట్టాడు. గాలికి అవి ఒకదాన్నొకటి రాసుకుంటుంటే గట్టు మీద నిలబడి చూశాడు. వారం తిరక్కముందే చిలకలకు ఆ మెరుపు అలవాటైపోయింది. ఆ దారాల మీదే వాలి, తీరిగ్గా కంకులు ఒలుచుకు తిన్నాయి.

"పోనీలేవయ్యా," అంది సోమక్క, కొరికి పడేసిన కంకులు ఏరుతూ. "ఇన్నేండ్లకు నీ సిన్మాలకు జనం వచ్చిన్రు."