అవతలి పక్కన కూడా బరువుంటేనే

నా చిన్నప్పుడు కూడా నా నోరు ఇంతే. మోండా మార్కెట్ వెనక మా గల్లీలో నాతో వాదనకు దిగే ధైర్యం ఒక్క మా నానమ్మకే ఉండేది.

తొమ్మిదో తరగతిలో, సరిగ్గా మా ఊరి లష్కర్ బోనాల పండుగ నాడే ఇంగ్లీషు డిబేట్ పోటీ పడింది. మా బడి నుంచి ఎంపికైంది నేనొక్కదాన్నే. ఆ ఏడే అమ్మవారికి నైవేద్యం మోసుకెళ్లే మొదటి బోనం నా తల మీద పెట్టాలని నానమ్మ ముచ్చటపడి కొత్త కుండ తెప్పించింది. "బోనం ముందల నీ పోటీ ఏందే, ఉత్త లొల్లి" అంది. "నీ కుండే ఉత్తది" అన్నాను. అంతే, మా ఇద్దరికీ మాటలు బంద్.

నానమ్మను ఓడించే వాదన కావాలని పక్కింటి అక్క దగ్గరికి పోయాను. కోస్తా నుంచి వచ్చిన వాళ్లు. అక్క కాలేజీలో ఇంగ్లీషు చదివేది. నా గోడు విని 'అవుట్‌వే' అనే క్రియ చెప్పింది. రెండు విషయాలు తూచి చూస్తే ఒకటి ఎక్కువ బరువు, అంటే ఎక్కువ ముఖ్యం, అయినప్పుడు వాడతారట. వెంటనే 'నా పోటీ ఆ పనికిరాని కుండను అవుట్‌వే చేస్తుంది' అని ఇంగ్లీషులో రాసేశాను. అక్క నవ్వి ఆ వాక్యం కొట్టేసింది.

"పనికిరానిదాని మీద నెగ్గితే గొప్పేముందే? అవతల కూడా బరువుంటేనే ఈ మాట వాడేది. ముందు మీ నానమ్మ తరఫున వాదించు, చూద్దాం."

వాదనంటే నేను వెనక్కి తగ్గుతానా? మొదలుపెట్టాను. మోకాళ్లు పోయి నానమ్మ ఇక బోనం ఎత్తలేకపోతోందనీ, మనవరాలు ఎత్తితే కళ్లారా చూడాలనుకుంటోందనీ చెబుతూ చెబుతూనే లేచి చెప్పులేసుకున్నాను.

ఇంటికెళ్లి నానమ్మ పక్కన కూర్చున్నాను. "నీ బోనం చిన్నది కాదు నానమ్మా. అయినా ఈసారికి నాకు పోటీయే ఎక్కువ" అన్నాను. "గీ మాట ముందుగాల అంటే నీ నోరు అరుగుతుండెనా? పో, మంచిగ మాట్లాడి రా" అంది. బోనం మా అమ్మ ఎత్తుకుంది.

మరుసటి బోనాలకు నానమ్మ లేదు.

పోటీకి వెళ్లడం తప్పని నేను ఈనాటికీ ఒప్పుకోను. ఎవరైనా అంటే ఊరుకోను కూడా. కానీ ఎక్కువ తూగినదాన్ని ఎంచుకున్నంత మాత్రాన, వదిలేసిన దాని బరువు తగ్గిపోదు. ఏటా బోనం ఎత్తుకున్నప్పుడల్లా, ఆమె చూడని ఆ ఒక్క బోనం కూడా నా తల మీదే ఉంటుంది.