హోప్ టౌన్ దగ్గర ఐదు రాళ్లు

ఆ రోజుల్లో హాడో రేవు పక్కన మా డ్రాయింగు గదిలో ఉన్నవి ఇవి: వాలు బల్లలు రెండు, ఎత్తు స్టూళ్లు రెండు, టీ స్క్వేర్లు రెండు, సెట్ స్క్వేర్లు మూడు (ఒకదానికి మూల విరిగింది), సిరా పెన్నులు పదకొండు, ఎప్పుడూ సగం వేగంతోనే తిరిగే పంకా ఒకటి, పాలపొడి డబ్బా ఒకటి. మనుషులం ముగ్గురం. లోపలి గదిలో మా ఏఈ గారు, కిటికీ పక్క బల్ల దగ్గర ట్రేసింగు చేసే దీదీ, గోడ పక్క బల్ల దగ్గర నేను. దీదీ నాకంటే రెండేళ్లు పెద్ద. ఆవిడ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ పుట్టిందీ చదివిందీ ఈ దీవిలోనే. నేను పాలిటెక్నిక్ ముగించి, విశాఖపట్నంలో ఓడ ఎక్కి వచ్చి అప్పటికి రెండేళ్లు. ఏ వస్తువునైనా జాబితాలో రాసుకుంటే అది మన చెప్పుచేతల్లో ఉన్నట్టేనని గట్టిగా నమ్మే వయసు. పై జాబితాలో చివరన రాసిన డబ్బా మాత్రం అలా లేదని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆలోగా దాని ఫలితాన్ని రేవుకు అవతలి ఒడ్డున ఉన్న హోప్ టౌన్ పిల్లలు మూడు వారాలపాటు అనుభవించారు.

డబ్బాలో ఉండేవి చేగోడీలు. నా క్వార్టర్సు పక్కనే హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరుగారు ఉండేవారు. చుట్టరికం లేకపోయినా పిన్నీ అని పిలిచేవాణ్ణి. ఊరినుంచి వచ్చిన కుర్రవాడు ఒంటరిగా ఉంటున్నాడని ఆవిడ మొదటి నెలలోనే ఒక డబ్బా నిండా చేగోడీలు పంపారు. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కదా, అందులో ఒక కొబ్బరికాయ పెట్టి ఇచ్చాను. కొబ్బరికాయ తీసుకున్నాక ఆవిడ మాత్రం ఖాళీ డబ్బా ఎలా పంపుతారు? మళ్లీ చేగోడీలు వచ్చాయి. ఇద్దరం మర్యాదస్థులమే కావడంవల్ల ఈ వ్యవహారం రెండేళ్లు ఆగకుండా సాగింది. నేను డబ్బాను ఆఫీసుకు తెచ్చి బల్లకు ఎడమవైపున పెట్టుకునేవాణ్ణి. కుడిచెయ్యి గీతలు గీస్తుంటే ఎడమచెయ్యికి పని తక్కువ. ఆ ఖాళీ సమయంలో అది ఏం చేసేదో నాకు నిజంగానే తెలియదు. చెబితే ఎవరూ నమ్మలేదు.

నా బరువు ఆఫీసు విషయంగా మారింది మాత్రం దీపస్తంభంవల్ల. దూరాన ఒక బండమీద, చుట్టూ మనుషులు లేని చోట, ఓడలకు దారి చూపే చిన్న దీపస్తంభం ఉండేది. దాని బొమ్మను నేను రెండేళ్లలో పదకొండుసార్లు గీశాను. ఒక్కసారీ చూడలేదు. ఏడు నెలల్లో మరమ్మతుకు ఓడ వెళుతుందని, కొలతలు తీసుకోవడానికి మా గదినుంచి ఒకరు కావాలని తెలిసినప్పుడు నేను ఏఈ గారి ముందు నిలబడ్డాను. ఆయన నన్ను తలనుంచి నడుము దాకా చూసి, నడుము దగ్గర ఆగారు. ఆ బండ దగ్గర పడవ నిలవదట. ఓడమీదనుంచి తాడు కుర్చీలో కూర్చోబెట్టి మనిషిని దించుతారట. ఆ కుర్చీకి తగిలించిన ఇత్తడి బిళ్లమీద డెబ్బై ఐదు కిలోలని చెక్కి ఉందట. “నువ్వెంత?” అని అడిగారు. తెలియదన్నాను. రేవు షెడ్డులో బియ్యం బస్తాలు తూచే కాటా ఉంది, పోయి చూసుకు రమ్మన్నారు. కాటా గుమాస్తా నన్ను ఎక్కించి, అలవాటు ప్రకారం చీటీ రాసి ఇచ్చాడు: శాల్తీ ఒకటి, ఎనభై రెండు కిలోలు.

ఏడు కిలోలు, ఏడు నెలలు. భాగహారం సులభంగానే ఉంది. ఒక రిజిస్టరు కొని గళ్లు గీశాను: తేదీ, వేళ, పదార్థం, సంఖ్య. రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలకు దిగాను. టీలో పంచదార తగ్గించాను. డబ్బాను మాత్రం దూరం పెట్టలేదు. రోజుకు నాలుగు చేగోడీలని నియమం పెట్టుకున్నాక దానితో పేచీ ఏముంటుంది? పొద్దున రెండు, సాయంత్రం రెండు, ప్రతిసారీ రాసుకున్నాను. నెల తిరిగేసరికి కాటా ఎనభై రెండున్నర చూపించింది. నా రిజిస్టరులో తప్పు లేదు. కాబట్టి తప్పు కాటాదని నిర్ణయించుకుని, తూకంలో తేడా ఉన్నట్టు అనుమానంగా ఉందని, పరీక్షించవలసిందని ఒక పేజీ రాసి పై ఆఫీసుకు పంపాను. వాళ్లు ప్రమాణపు గుండ్లు తెచ్చి పరీక్షించారు. ఒక పూటంతా బస్తాల తూకం ఆగిపోయింది. తేడా ఏమీ లేదని తేలింది. (గుమాస్తా ఆ తర్వాత నాకు చీటీ రాసి ఇవ్వడం మానేశాడు. సంఖ్య మాత్రం గట్టిగా, షెడ్డంతా వినిపించేలా చదివేవాడు.)

రెండో నెలలో హోప్ టౌన్ జెట్టీ ముందున్న సముద్రం లోతుల పటం నా బల్లమీదకు వచ్చింది. కొలతల పుస్తకంలోంచి లోతులను ఎక్కించి, ట్రేసింగు కాగితంమీద సిరాతో గీసి, అమ్మోనియా ప్రింటు తీయించి లాంచీలకు ఇవ్వాలి. నూట డెబ్బై రెండు సంఖ్యలు. ఆరు రోజులు తల ఎత్తకుండా పనిచేశాను. తర్వాత ఒక్కొక్క సంఖ్యనూ పుస్తకంతో పోల్చి, పెన్సిలుతో చుక్క పెట్టి సరిచూశాను. ఒక్క తప్పూ లేదు. ఏఈ గారు సంతకం చేశారు. ప్రింటు లాంచీకి వెళ్లింది. రాసినవన్నీ సరిచూశాను గాని, రాయని చోట ఏముందో చూడాలని నాకు తోచలేదు.

మూడు వారాల తర్వాత జెట్టీ మెట్లు కొలవడానికి నేనే ఆ లాంచీ ఎక్కాను. సరంగు అరవైకి దగ్గరగా ఉన్న మనిషి, ఆ రేవులోనే పెరిగాడు. హోప్ టౌన్ జెట్టీ ఎదురుగా కనిపిస్తుండగా లాంచీని ఒక్కసారిగా పక్కకు తిప్పి, పెద్ద చుట్టు చుట్టి, వెనకవైపునుంచి తీసుకువచ్చి ఆపాడు. ఎందుకలా అని అడిగాను. ఆయన చుక్కాని పైన అతికించిన ప్రింటు చూపించాడు. నా దస్తూరీలో నా సంఖ్యలు, వాటి మధ్య జెట్టీకి సరిగ్గా ఎదురుగా, నీలంగా, కోలగా, వంపు తిరిగిన వరసలో ఐదు మచ్చలు. వరసలో నాలుగు, కొంచెం కిందుగా విడిగా ఒకటి. పిన్ని చేగోడీల్లో పసుపూ కారమూ ధారాళంగా వేసేవారు. ఆ నూనె ట్రేసింగు కాగితంమీద కంటికి అంతగా ఆనదు. ప్రింటు తీసేటప్పుడు వెలుతురును ఆపుతుంది, ఆపిన చోటల్లా నీలం మిగిలిపోతుంది. ఇదంతా నాకు పాలిటెక్నిక్‌లో నేర్పారు. అయినా ఒకసారి ఎడమచెయ్యి చాపి ఆ మచ్చలమీద పెట్టి చూశాను. వేలికి వేలు సరిపోయింది.

సరంగు నా చేతిని చూశాడు, మచ్చలను చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“ఇవి రాళ్లు కావండీ,” అన్నాను.

“కావా బాబూ? ఇరవై ఏళ్లుగా తిన్నగానే పోనిచ్చినాను, కభీ రాయి తగల్నేదు. మొన్న గుండు తాడు ఏసి కూడా సూసినాను, అడుగు తగల్నేదు.”

“మరి తిన్నగానే పోనివ్వలేకపోయారా?”

“మీరు గీసినారు కదా. పెద్ద సాబ్ దస్కత్ కూడా ఉంది. నాను గుండు ఏసిన జాగాలో నేదేమో, పక్కన ఉందేమో అనుకున్నాను.”

మూడు వారాల్లో ఆ రాళ్లకు పేరు కూడా వచ్చేసింది: పాంచ్ పత్థర్. రాళ్లుంటే చేప ఉంటుందని ఒక డింగీవాడు రెండు రోజులు గాలాలు వేశాడట. చేప పడకపోతే రాళ్లు కొత్తవి, ఇంకా పాచి పట్టలేదని సమాధానపడ్డాడట. అదంతా విని నవ్వుకుని ఉండేవాణ్ణేమో. కాని సరంగు ఇంకొకటి చెప్పాడు. ఆ చుట్టు తిరుగుడుకు ప్రతిసారీ ఎనిమిది నిమిషాలు ఎక్కువ పడుతోంది. పొద్దున ట్రిప్పులో హైస్కూలుకు వెళ్లే పిల్లలు పద్నాలుగు మంది మొదటి గంటకు అందలేకపోతున్నారు. “ఎక్కువ డీజిల్ పోస్తే సర్దుకుంటాది బాబూ, పిల్లలకు టైము పోస్తే సర్దుకోదు కదా. బాహర్ నిలబెడతన్నారంట,” అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. గాలి ఎటు ఉందో చెప్పినట్టు చెప్పాడు. మొదటి గంట లెక్కలది. బయట నిలబెడుతున్నది మా పిన్ని.

తిరుగు ట్రిప్పులో తిన్నగా పోనివ్వమని అడిగాను. ఆయన ప్రింటు తీయకుండా నావైపు చూశాడు. కాగితం కావాలన్నాడు. న్యాయమే. కాగితంమీద వచ్చిన రాయి కాగితంమీదే పోవాలి. మళ్లీ చుట్టు తిరిగే వచ్చాం. ఆ ఎనిమిది నిమిషాలూ నేను నా ఎడమచేతిని జేబులో పెట్టుకుని నిలబడ్డాను.

ఏఈ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన సవరణ కాగితం తీసి, లోతుల పటంలో జెట్టీ ఎదుట కనిపించే ఐదు మచ్చలను లెక్కలోకి తీసుకోవద్దని రాసి, కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆపారు. “ఏం రాయమంటావు?” అని అడిగారు. నా ఎడమచెయ్యి అని రాయమన్నాను. ఆయన పరిశుభ్రతా లోపం అని రాసి, దీపస్తంభానికి దీదీని పంపే సంగతి ఆలోచిస్తున్నట్టు నెమ్మదిగా చెప్పారు. దీదీ బరువు నలభై తొమ్మిది.

పిన్నికి చెప్పడం ఇంకా కష్టమైంది. ఆవిడ అప్పుడే మూకుడు పొయ్యిమీద పెట్టారు. అంతా విని, మూకుడు దించి పక్కన పెట్టారు. “పిల్లలు రాళ్లున్నాయి టీచర్ అంటే అబద్ధమనుకుని ఇంకో పది నిమిషాలు ఎక్కువ నిలబెట్టానురా,” అన్నారు. మర్నాడు ఆవిడ ఆ పద్నాలుగు మందికీ తరగతిలో క్షమాపణ చెప్పారని తర్వాత తెలిసింది. కారణం చెప్పలేదట. నా పరువు నిలపడానికో, చేగోడీల పరువు నిలపడానికో ఇప్పటికీ తెలియదు. నేను డబ్బాను కడిగి ఖాళీగానే తిరిగి ఇచ్చేశాను. ఆవిడ తీసుకుని గూట్లో బోర్లించారు. రెండేళ్లలో మా మధ్య జరిగిన మొదటి అమర్యాద అది.

డబ్బా పోయింది గాని చెయ్యి పోలేదు. మర్నాడు గీతలు గీస్తుంటే దీదీ తన బల్లనుంచి, “దేఖో భయ్యా, నీ హాథ్ మళ్లీ వెళ్లింది,” అంది. చూస్తే ఎడమచెయ్యి డబ్బా ఉండే చోట గాలిలో తడుముతోంది. నమ్మలేక, రోజంతా లెక్కపెట్టమని ఆవిణ్ణి అడిగాను. సాయంత్రానికి ఆవిడ బల్ల అంచున పెన్సిలు గీతలు ముప్పై ఒకటి. నా రిజిస్టరు ప్రకారం నాలుగు ఉండాలి. తెలిసి తిన్నవే రాసుకున్నానన్నమాట. తెలియకుండా తిన్నవాటికి ఆ రిజిస్టరులో గడే లేదు. మంచి గళ్లు గీశానని మురిసిపోయాను.

లాంచీనుంచి తీసివేసిన పాత ప్రింటును తెప్పించి, సరిగ్గా డబ్బా ఉండే చోట బల్లకు అతికించాను. అప్పటినుంచి చెయ్యి ఎప్పుడు వెళ్లినా తన వేలిముద్రలమీదే పడేది. పడగానే ఒక్క క్షణం ఆగి, పద్నాలుగు మంది పిల్లలు తరగతి బయట నిలబడి ఉండడం చూసేవాణ్ణి. మళ్లీ పెన్ను పట్టుకునేవాణ్ణి. తినాలనిపిస్తే పెన్ను మూత పెట్టి, లేచి, వరండాలో నిలబడి, తినేదాన్ని చూస్తూ తినాలని ఇంకో నియమం. అలా నిలబడి చూస్తూ తింటే రెండోది తీసుకోవడానికి సిగ్గు వేస్తుంది. (మూడోది తినడానికి ప్రయత్నించాను. దీదీ కిటికీలోంచి చూసింది.) ముప్పై ఒకటి ఇరవై రెండైంది, పదకొండైంది, నాలుగైంది. ఒక శనివారం దీదీ బల్ల అంచున గీత ఒక్కటీ లేదు. పెన్సిలు విరిగిందేమోనని అడిగాను. విరగలేదు.

ఓడ బయల్దేరే రోజు పొద్దున కాటా ఎక్కాను. గుమాస్తా షెడ్డంతా వినిపించేలా, “డెబ్బై నాలుగూ ఆరు వందలు!” అన్నాడు. బస్తాలు మోసే ఇద్దరు చప్పట్లు కొట్టారు. ఏఈ గారు నన్నే పంపారు. దీదీకి సముద్రం పడదని, మొదటినుంచీ ఆవిణ్ణి పంపే ఉద్దేశం ఆయనకు లేదని తిరిగి వచ్చాక తెలిసింది. తాడు కుర్చీలో వేలాడుతూ దిగేటప్పుడు రెండు చేతులకూ పట్టుకోవడమే పని. దీపస్తంభం నేననుకున్నదానికంటే చిన్నది. పక్షుల రెట్టతో తెల్లగా ఉంది. నేను పదకొండుసార్లు గీసిన బొమ్మలో నిచ్చెనకు పద్నాలుగు మెట్లు. అక్కడ ఉన్నవి పదిహేను. కిందినుంచి పైకి, పైనుంచి కిందికి రెండుసార్లు లెక్కపెట్టి రాసుకున్నాను. ఏడు కిలోల మనిషిని పోగొట్టుకుని ఒక మెట్టు సంపాదించానని అప్పుడు ఎంతో గర్వంగా అనిపించింది.

ఇప్పుడు ఇదే దీవిలో ఆస్టినాబాద్‌లో ఉంటున్నాను. పిన్ని రిటైరయ్యారు. మేం మళ్లీ మర్యాదలోకి వచ్చి చాలా కాలమైంది. డబ్బా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆ ప్రింటు మాత్రం ఆఫీసు మారినప్పుడు ఎక్కడో పోయింది. ఇది రాయడం మొదలుపెట్టే ముందు ఒక పళ్లెంలో ఇరవై చేగోడీలు లెక్కపెట్టి పెట్టుకుని, ఎడమవైపు ఉంచుకున్నాను. ఇంత కాలం తర్వాత ఆ కుర్రవాడు ఎలా ఉన్నాడో చూద్దామనిపించింది. రాస్తూ రాస్తూ కాటా సంగతి దగ్గరకు వచ్చినప్పుడు పెన్ను మూత పెట్టి, లేచి నిలబడి, చూస్తూ ఒకటి తిన్నాను. నిచ్చెన దగ్గర మరొకటి. రెండూ పక్కన కాగితంమీద రాసుకున్నాను. ఇప్పుడే పళ్లెంలో లెక్కపెట్టాను. పదిహేడు.