అక్క ఫోన్లో ముప్ఫై ఒకటో పాఠం

నలభై దాటాక జర్మన్ నేర్చుకుంటానని కత్తెరమ్మ బయల్దేరితే వీధిలో నవ్వనివాళ్ళు లేరు. దర్జీపని చేసే ఆమె చేతిలో కత్తెరకూ నోట్లో నాలుకకూ ఒకటే పదునని వీధివాళ్ళే ఆ పేరు పెట్టారు.

"ఏం, విదేశాలకెళ్ళి గౌన్లు కుడతావా?" అంది పక్కింటావిడ.

"ముందు నీ నోరు కుట్టి వెళ్తాలే."

అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

జర్మన్ పిచ్చి అక్కది. నర్సు. ఆ దేశపు ఆసుపత్రిలో ఉద్యోగం కావాలంటే ఆ భాష మాట్లాడి పరీక్ష గట్టెక్కాలి. డ్యూటీ నుంచి రాగానే పుస్తకం పట్టుకుని, "కాస్త ప్రశ్నలు అడగవే, నేను జవాబులు చెప్తాను" అని బతిమాలేది.

"ఎవరో ఎవరినో తిడుతున్నట్టుందక్కా ఆ భాష. నన్నొదిలెయ్" అంటూ కత్తెరమ్మ మిషన్ తొక్కుతూనే ఉండేది.

విసిగిపోయి అక్క తన ప్రశ్నలు తనే ఫోన్లో రికార్డు చేసుకుంది. ప్రతి ప్రశ్న తర్వాతా జవాబుకు కాస్త జాగా వదిలేది. మళ్ళీ పెట్టుకుని ఆ ఖాళీల్లో మాట్లాడేది. అలా ముప్ఫై పాఠాలయ్యాయి. తీరా ఉద్యోగం ఖాయమయ్యేలా ఉందనగానే, ఒంటరిగా మిగిలిపోతానన్న భయం చెల్లెలి నోట మరోలా వచ్చింది.

"వెళ్ళు! అక్కడే చావు!"

మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. నాలుగో రోజు డ్యూటీకి వెళ్తున్న అక్క బస్సు ప్రమాదంలో పోయింది. ముప్ఫై ఒకటో రికార్డు ఆ ఉదయం చేసిందే. అందులో గొంతు మిగతావాటిలా లేదు, గట్టిగా, కరుకుగా ఉంది. కత్తెరమ్మ మొదటి ముక్క వినగానే ఆపేసేది. అక్క తనను తిడుతూ పోయిందా? రాత్రీ పగలూ ఆమెను తినేస్తున్నది ఈ ఒక్క ప్రశ్నే. ఎవరిచేతనైనా అర్థం చెప్పించుకోవచ్చు. కానీ అది తిట్టే అయితే, పరాయివాళ్ళ నోట వినడం ఆమెకు ఇష్టం లేదు.

క్లాసులో టీచరమ్మ అందరినీ ఎందుకు నేర్చుకుంటున్నారని అడిగింది. అందరూ ఉద్యోగమన్నారు. కత్తెరమ్మ, "మా అక్కతో మాట్లాడాలండీ" అంది.

"అక్కగారు అక్కడే ఉంటున్నారా?"

ఆమె తలూపింది.

ఆ భాషలో కుర్చీ మగదట, తలుపు ఆడదట. వీటి కాపురం ఎలా సాగుతుందో అని నవ్వుకుంటూనే నెలల తరబడి బట్టీ పట్టింది. ఇంట్లో అక్క పాఠాలు ఒక్కొక్కటే పెట్టుకుని ఖాళీల్లో జవాబులు చెప్పేది. ఆ ఖాళీలు అక్క నోటికి తగినవి. ఈమె మాట పూర్తికాకముందే అక్క తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయేది. "ఆగక్కా!" అని అరిచి, తన అరుపుకు తనే ఉలిక్కిపడేది.

ముప్ఫై పాఠాలూ పూర్తయ్యాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని చివరిది పెట్టింది.

"హాస్ట్ డు త్సైట్?"

నీకు తీరిక ఉందా?

"కోమ్. ఫ్రాగ్ మిష్."

రా. నన్ను అడుగు.

అంతే. తిట్టు లేదు. మాటల్లేని మూడు రోజుల తర్వాత మామూలుగా పిలవడానికి అక్కకు మొహం చెల్లలేదు, ఆ భాష చాటున పిలిచింది. గట్టిగా అన్నది కోపంతో కాదు, పక్కగదిలోకి వినబడాలని. కత్తెరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఈసారి ఫోన్ ఆపలేదు.

ఖాళీ మొదలైంది. ఆ ఖాళీలో, గోడ అవతల నుంచి, టకటకమంటూ కుట్టుమిషన్. తన మిషనే. ఆ ఉదయం అక్క పిలిచి ఎదురుచూస్తోంది, తను తొక్కుతూనే ఉంది.

"ఆపవే!" అంది కత్తెరమ్మ ఫోన్‌తో. "పిలుస్తోందే, లేచి వెళ్ళవే!"

మిషన్ ఆగలేదు. చాలాసేపటికి అక్క గొంతు చిన్నగా, మన మాటల్లోనే వినిపించింది.

"సరేలే, కుట్టుకోనీ."